బీరువాలోని చెవులు

"నాన్నగారికి యాభై వేలు పోసి చెవి మిషను కొన్నామండీ, పెట్టుకుంటేగా!" అను మాటను ఈ వారము మరల వింటిని. అన్నవాడు మాకు దూరపు చుట్టము, తండ్రియందు భక్తి లేనివాడు కాడు. అయినను బాకీ తీర్చివేసినవాని నిశ్చింతయు, మెప్పు దక్కని దాత నిష్ఠురమును ఆ స్వరములో కలగలిసియుండుట నాకు మిక్కిలి కష్టము కలిగించెను. ఆ పెద్దాయన పక్కగదిలో వాలుకుర్చీలో ఉండెను. మిషను బీరువాలో, కొన్ననాటి పెట్టెలోనే ఉండెను.

ఈ లోపము ఎట్టిదో ఇంటివారికి తెలియకపోవుటయే సగము అనర్థమునకు మూలము. లోచెవియందు నత్తగుల్ల ఆకారముననున్న భాగములో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 సూక్ష్మ రోమకణములుండును. వార్ధక్యముచేతనో, జీవితమంతయు భరించిన మ్రోతచేతనో అవి నశించినచో మనుష్యునికి తిరిగి మొలవవు. హెచ్చుస్థాయి ధ్వనులను పట్టునవి సామాన్యముగా ముందు పోవును. కావున బలముగా పలుకు అచ్చులు వినబడుచునే యుండును. వాటి నడుమ క్షణమాత్రము తోచి మాయమగు క, త, ప, స వంటి హల్లులు జారిపోవును. మనది అజంతభాషయని మురిసిపోవుదుము గదా, ఆ గుణమే ఇచ్చట వంచన చేయును: మాట నడక యంతయు చెవిని బడును, అర్థము మాత్రము అందదు, కాలు, పాలు, తాలు ఒక్కటే యగును. "ఆయనకు కావలసినవి మాత్రం బాగానే వినబడతాయి" అని కొడుకులును కోడండ్రును నవ్వుకొను చమత్కారము వెనుకనున్న శాస్త్రము ఇంతియే. గొంతు చించుకొని అరచినచో ఆ అచ్చులే ఇంకను పెద్దవగును. పైగా చిన్న శబ్దమును పట్టలేని ఆ చెవికే పెద్ద శబ్దము మనకువలెనే, ఒక్కొక్కప్పుడు మనకంటె నెక్కువగను, బాధాకరమగును. "ఎందుకురా అరుస్తావు?" అని ముసలివాడు కసరుకొనుటలో అన్యాయమేమున్నది?

మిషను సంగతి కండ్లజోడు వంటిది కాదు. జోడు పెట్టిన క్షణముననే అక్షరము తేటపడును. ఏండ్ల తరబడి నిశ్శబ్దమునకు అలవాటుపడిన మెదడునకు మిషను పెట్టిన తొలినాడు ఫ్యాను రొద, కుక్కరు కూత, పత్రిక మడత విప్పిన చప్పుడు, తాను అప్పడము నమలు ధ్వని అన్నియు ఒక్కమారుగా మీదబడును. వినికిడి పరీక్షననుసరించి ఆడియాలజిస్టు దానిని సరిచేయవలెను, కొన్ని దినములు వాడిన పిదప మరల సరిచేయవలెను. మొదట నిశ్శబ్దమైన గదిలో దినమునకు కొన్ని గంటలు, పిమ్మట వీథిలో, ఆపైన నలుగురిలో, ఇట్లు వారములు గడవవలెను. చెవిలోని అచ్చు వదులైనచో, మనుమరాలు మెడ కౌగిలించుకొన్నప్పుడెల్ల కీచుమని కూయును. ఇక బ్యాటరీ: చిటికెనవ్రేలి గోరంత యుండు ఆ బిళ్లకు అంటించిన కాగితమును ఊడదీసి, గాలి సోకుటకు ఒక నిమిషమాగి, లోపల అమర్చవలెను. వణకు వ్రేళ్లనుండి జారి అది మంచము క్రిందికి దొర్లును, వెదకిపెట్టు తీరిక ఎవ్వరికిని ఉండదు, మిషను బీరువాకెక్కును.

మిషను అవసరమైనవారిలో దానిని వాడుచున్నవారు ప్రపంచమున ఐదింట ఒకవంతు కూడ లేరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. లేమి ఒక కారణము, కాదనను. పేద వృద్ధులకు ఇట్టి పరికరములిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే ఆరంభమయ్యెను. కాని కొనుటయు పంచుటయు వచ్చినంతగా ఎదుట కూర్చుండి మాటలాడుట మనకు రాలేదు. టీవీ ఆపి, ముఖముపై వెలుతురు పడునట్లు ముందుకు వచ్చి, మొదట పిలిచి, పిమ్మట నిదానముగా చెప్పి, అందనిచో అదే మాటను పదిమార్లు అనక వేరు మాటలలో చెప్పుటకు యాభై వేలు అక్కరలేదు. "ఏం చెప్పావురా?" అని అడిగిన తండ్రితో "ఏం లేదులే నాన్నా" అనుటకంటె క్రౌర్యము నాకు తోచదు. మతిమరపు వ్యాధికి దారితీయు, నివారింపదగిన 14 కారణములలో వినికిడి లోపమును లాన్సెట్ సంఘము 2024లో ఎంచినది. ఈ "ఏం లేదులే"ని కూడ అందులో చేర్చియుండవలసినది.

వృద్ధుల మాట అటుండ, యువకుల చెవులను చేజేతులా చెరచు పెండ్లి మండపములనెవరు అడుగవలెను? 85 డెసిబెల్‌ల మ్రోతలో దినమునకు 8 గంటలకు మించి పనిచేయరాదని కర్మాగారముల విషయమున నిపుణులు చెప్పుదురు. 100 డెసిబెల్‌లకైనచో ఆ గడువు పావుగంట. డీజే పెట్టెల ముందు పసిపిల్లలను భుజములకెత్తుకొని ఆడువారికి ఈ లెక్క ఎవరు చెప్పిరి? రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు లౌడ్‌స్పీకర్లు మ్రోగరాదని 2000 నాటి నియమములున్నవి. ముహూర్తములు మాత్రము వాటిని ఎరుగవు. అన్నిటికంటె నాకు అర్థము కానిది, సన్నాయికి మైకు. ఊరేగింపులో వీథి చివరివరకు వినబడుటకే పుట్టిన ఆ వాద్యమును నాలుగు గోడల నడుమ పెట్టెలకు కలిపి, ఎదుటి వరుసలో అమ్మమ్మలను కూర్చుండబెట్టుట ఏ శాస్త్రము?

మాఘమాసములో మా ఇంట పెండ్లి కలదు. సన్నాయి మేళమువారితో మైకు లేకుండ మాటలాడితిని; పెట్టెలవానికి బయానా ఇయ్యలేదు. మేనల్లుండ్రు నాతో మాటలాడుట మానివేసిరి.