మెస్ బోర్డు చూసి నవ్వేవాళ్లకి

నెల్లూరు వచ్చిన బెంగుళూరు మిత్రులు కొందరు 'మెస్' అన్న బోర్డు ఫొటో తీసి, 'హోటల్‌కి గందరగోళం అని పేరేంటి బాబూ' అని స్టేటస్ పెట్టుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

తప్పు బోర్డుది కాదు. మెస్ అంటే మొదట తిండే. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానర్థం వడ్డించిన వంటకం, ఒకరి వంతు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో యోసేపు అన్నదమ్ములకి భోజనం పెడుతూ బెన్యామీనుకి అయిదు రెట్లు వడ్డించిన చోట ఉన్న మాట ఇదే. తర్వాత కలిసి తినే గుంపుకి ఆ పేరొచ్చింది. సైన్యంలో, ఓడల్లో అదే మెస్, మన హాస్టళ్లలోనూ అదే. ఇంకోవైపు జావలాంటి కలగాపులగపు తిండిగా మారి, 19వ శతాబ్దంలో గానీ చిందరవందర అనే అర్థానికి చేరలేదు. వీళ్లు నవ్వేది ఆ చివరి అర్థాన్ని పట్టుకుని. (మా వృత్తిలో చిక్కుపడ్డ కోడ్‌ని 'స్పగెట్టీ' అంటాం. అదీ తిండే. ఇటాలియన్ రెస్టారెంట్ మెనూ చూసి మాత్రం ఎవరూ నవ్వరు.)

భాషాభిమానులది ఇంకో గొడవ. 'భోజనశాల' అని రాయాలట. కన్యాశుల్కం చదివినవాళ్లకి పూటకూళ్లమ్మ గుర్తుంటుంది. పూటకూళ్లిల్లు అన్న మాటే మనం నిలుపుకోలేదు, ఆ పీట మీద మెస్ కూర్చుంది. అరిటాకు, మామిడికాయ వేసిన చేపల పులుసు, పక్కన ముక్కూమొహం తెలియని మనిషి, 'ఇంకొంచెం పెట్టించుకో అబ్బయా' అనే పెద్దాయన. ఇది శాల కాదు. నెల్లూరు బస్టాండులో మెస్ ఎక్కడని అడిగితే ఎవరూ తికమకపడరు, వెజ్జా నాన్‌వెజ్జా అంటారు.

అసలు గందరగోళం మన అనువాదాల్లో ఉంది. ఇంగ్లీషు కథలో జుట్టు మెస్, ఇల్లు మెస్, ప్రేమ మెస్, ఉద్యోగం మెస్. తెలుగులోకి వచ్చేసరికి నాలుగూ 'గందరగోళమే'. నిఘంటువులో కనపడ్డ మొదటి మాట దాటి పోరు. మన జుట్టు రేగుతుంది. ఇల్లు చిందరవందరవుతుంది. మైపాడు ఒడ్డున వల చిక్కుపడుతుంది. పని కంగాళీ అవుతుంది. బతుకు బండలవుతుంది, కుర్రాళ్లయితే బస్టాండయిందంటారు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టొచ్చిన మనిషి వంటింట్లో కూర్చుని 'నా జీవితం ఒక గందరగోళం' అంటుంటే, ఆమె బాధ నాకెలా తగులుతుంది? ఏ ఊళ్లో, ఏ ఆడమనిషి అలా ఏడ్చింది?