మౌనం తరువాత మిగిలే ప్రశ్నలు

ఉదయం పుస్తకాల సంచి భుజాన తగిలించుకొని బడికి వెళ్లిన బిడ్డ సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరుతుందన్న నమ్మకం మీదనే ప్రతి కుటుంబపు దినచర్యా ఆధారపడి ఉంటుంది. మొదటి షిఫ్టుకు బయలుదేరే తండ్రి, వంటపని ముగించుకొని కార్యాలయానికి పరుగుతీసే తల్లి ఆ నమ్మకాన్ని ప్రత్యేకంగా తలచుకోరు. బిడ్డను బడి గుమ్మంలో విడిచి నిశ్చింతగా తమ పనులకు వెళ్లిపోతారు. ఆ నమ్మకం వమ్మయిన నాడు దుఃఖం ఒక ఇంటికి పరిమితం కాదు. అది ఊరిదవుతుంది, దేశానిదవుతుంది, ఒక్కొక్కప్పుడు సరిహద్దులను సైతం దాటుతుంది.

ఈ శీర్షికలో మేము సాధారణంగా పని, పొదుపు, ఆరోగ్యం, కుటుంబ జీవనం వంటి విషయాలు ముచ్చటిస్తుంటాము. ఈ పర్యాయం మనస్సుకు కష్టం కలిగించే అంశాన్ని ఎన్నుకున్నాము. పాఠశాలల్లో జరిగిన కాల్పులు, వాటి వెంట సమాజం వెలిబుచ్చిన దుఃఖం, ఆ దుఃఖం నుండి పుట్టిన ప్రశ్నలు మా విషయం. దూరదేశపు సంగతి మనకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కడవరకు చదివినట్లయితే, ఇది మన కర్మాగారాలకూ, మన కార్యాలయాల ఫైళ్లకూ ఎంత దగ్గరి విషయమో తేటపడుతుందని మా విశ్వాసం.

డన్‌బ్లేన్‌లో ఆ ఉదయం

స్కాట్లండులో స్టిర్లింగ్ నగరానికి సమీపాన డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1996 మార్చి 13వ తేదీ ఉదయం తొమ్మిదిన్నర దాటిన వేళ ఒక వ్యక్తి నాలుగు చేతి తుపాకులతో అక్కడి ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలో ప్రవేశించాడు. ఆ సమయంలో అక్కడ ఉన్నవారు ఒకటవ తరగతి పిల్లలు, అయిదారేండ్ల పసివారు. మూడు నాలుగు నిమిషాలపాటు సాగిన కాల్పుల్లో 16 మంది చిన్నారులు, వారి ఉపాధ్యాయురాలు అసువులు బాశారు. మరికొందరు పిల్లలు, పెద్దలు గాయపడ్డారు. చివరకు హంతకుడు తన్ను తాను కాల్చుకొని మరణించాడు. అతని పేరును ఈ పుటల్లో వ్రాయదలచలేదు. గుర్తుంచుకోవలసినది అతనిని కాదు.

రెండు రోజుల తరువాత ఆనాటి ప్రధాని జాన్ మేజర్, ప్రతిపక్ష నాయకుడు టోనీ బ్లెయిర్ కలిసి ఆ పట్టణానికి వెళ్లారు. ఆ నెల 17వ తేదీ ఆదివారం. బ్రిటన్‌లో తల్లులకు పిల్లలు పూలు ఇచ్చి గౌరవించే మాతృదినం అది. ఆ రోజున దేశమంతటా ఒక నిమిషం మౌనం పాటించారు. ఎలిజబెత్ రాణి స్వయంగా డన్‌బ్లేన్ చేరి బాధిత కుటుంబాలను పరామర్శించారు. ఘోరం జరిగిన వ్యాయామశాలను తరువాత కూల్చివేశారు.

ఆనాడు ఆ బడిలోనే చదువుకుంటున్న పిల్లల్లో ఎనిమిదేండ్ల ఆండీ ముర్రే ఒకరు. టెన్నిస్‌లో ప్రపంచఖ్యాతి గడించి, 2013లో వింబుల్డన్ పురుషుల సింగిల్స్ టైటిల్ గెలిచిన ముర్రే ఆయనే. అదే సంవత్సరం ఒక టెలివిజన్ కార్యక్రమంలో డన్‌బ్లేన్ ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన మాట పెగలక కంటతడి పెట్టారు. అప్పటికి పదిహేడేండ్లు గడిచాయి. వార్తాపత్రికల మొదటి పుటల నుండి తొలగిపోయిన దుఃఖం బతికి బయటపడిన పిల్లల మనస్సుల్లో నుండి తొలగిపోలేదని గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఫైలులో ఆగిపోయిన హెచ్చరిక

పూలగుచ్ఛాలు వాడిపోకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. హంతకుని చేతిలోని తుపాకులు దొంగ సరుకు కావు. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రంతో కొనుగోలు చేసినవి. బాలుర కోసం అతడు నడిపిన క్లబ్బుల విషయంలో తల్లిదండ్రులు ఏండ్ల తరబడి ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. అటువంటి వ్యక్తికి అనుమతి ఎట్లా లభించింది? పర్యాయం వెంట పర్యాయం ఎట్లా పొడిగించారు?

విచారణలో వెలుగు చూసిన ఒక సంగతి మమ్మల్ని ఎంతో కలచివేసింది. 1991లో, అంటే ఘటనకు నాలుగేండ్ల ముందే, అతడు బాలుర కోసం నిర్వహించిన వేసవి శిబిరంపై వచ్చిన ఆరోపణలను ఒక పోలీసు అధికారి పరిశోధించారు. ఇతడు నమ్మదగిన మనిషి కాడనీ, ముందుజాగ్రత్త చర్యగా ఇతని తుపాకుల అనుమతిని రద్దు చేసే విషయం గట్టిగా పరిశీలించాలనీ ఆయన పై అధికారులకు లిఖితపూర్వకంగా నివేదించారు. ఆ కాగితం పై మెట్లు ఎక్కింది. పైనుండి చర్య అనవసరమన్న వ్రాతతో తిరిగి వచ్చింది. 1995లో అనుమతి మరొకసారి పొడిగింపబడింది.

ఆనాడు చర్య తీసుకోని అధికారికి కూడా ఒక కారణం లేకపోలేదు. శిబిరం ఆరోపణలపై న్యాయస్థానంలో అభియోగం మోపేందుకు తగిన సాక్ష్యం లేదని ప్రభుత్వ న్యాయాధికారి తేల్చారు. నేరం రుజువు కాలేదు గనుక అనుమతిని ముట్టరాదని భావించారు. శిక్షించడానికి కావలసిన సాక్ష్యం వేరు, ప్రమాదకరమైన వస్తువును ఒకరి చేతికి అప్పగించడానికి కావలసిన అర్హత వేరు. ఈ రెండింటి నడుమ గల అంతరాన్ని గుర్తింపకపోవడమే అక్కడ జరిగిన లోపం. అనుమతి రద్దుకు తగిన ఆధారం ఉన్నదనీ, దానిపై చర్య తీసుకొని ఉండవలసినదనీ విచారణాధికారి తమ నివేదికలో అభిప్రాయపడ్డారు.

ఒకే న్యాయమూర్తి, రెండు విచారణలు

ఆ విచారణాధికారి లార్డ్ కలెన్. ఈ పేరు మన సంస్థల భద్రతా విభాగాల వారికి సుపరిచితమే. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై జరిగిన విస్ఫోటనంలో 167 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనపై విచారణ జరిపి 1990లో 106 సిఫారసులతో నివేదిక సమర్పించినది కూడా ఆయనే. మరమ్మతు నిమిత్తం భద్రతా కవాటం తొలగించిన పంపును, ఆ సంగతి తెలియక తరువాతి షిఫ్టు వారు నడపడం ఆ ప్రమాదానికి దారితీసింది. పర్మిట్ కాగితం ఉన్నది. అది చేరవలసిన వారికి చేరలేదు.

చమురు వేదికకూ పసిపిల్లల బడికీ పోలిక ఏమిటని తోచవచ్చు. ఒకచోట ప్రమాదం, మరొకచోట బుద్ధిపూర్వకమైన హత్య. ఈ భేదాన్ని మేము మరచిపోలేదు. హంతకుని నేరభారం హంతకునిదే. అయినప్పటికీ, రెండుచోట్లా తెలిసినవారు ఒకరున్నారు, తెలియవలసినవారు మరొకరున్నారు, ఇద్దరి నడుమ ఒక కాగితం తన పని చేయలేకపోయింది. లార్డ్ కలెన్ రెండు విచారణల్లోనూ దోషి ఎవరని అడగడంతో ఆగలేదు. ఏ ఏర్పాటు విఫలమైనది, దానిని ఎట్లా సరిదిద్దాలని కూడా అడిగారు. డన్‌బ్లేన్ నివేదిక 1996 అక్టోబరు 16న, ఘటన జరిగిన ఏడు నెలలకు వెలువడింది.

ప్రజలు వేరుగా ఉద్యమించారు. ఆ ఋతువులో అక్కడ పూసే తెల్లని స్నోడ్రాప్ పువ్వు పేరిట చేతి తుపాకుల నిషేధాన్ని కోరుతూ ఒక విజ్ఞాపన సిద్ధం చేయగా, దానిపై ఏడు లక్షలకు పైగా సంతకాలు చేరాయి. వ్యతిరేకించినవారు కూడా ఉన్నారు. ఒకని నేరానికి చట్టాన్ని గౌరవించే క్రీడాకారులందరినీ శిక్షించడం తగదని వారి వాదన. కలెన్ సిఫారసు సైతం సంపూర్ణ నిషేధం దాకా వెళ్లలేదు. తుపాకీ వాడనప్పుడు అది పనిచేయకుండా చేసే ఏర్పాటును ముందుగా పరిశీలింపుమన్నారు. పార్లమెంటు అంతకన్నా ముందుకు సాగింది. 1997లో రెండు చట్ట సవరణల ద్వారా, మొదట పెద్ద బోరు చేతి తుపాకులనూ, తరువాత పాయింట్ 22 బోరు వాటినీ నిషేధించింది. యజమానులకు నష్టపరిహారం చెల్లించి లక్షా అరవై వేలకు పైగా తుపాకులను స్వాధీనం చేసుకున్నారు. అంతటి పాఠశాల కాల్పుల ఘటన బ్రిటన్‌లో మళ్లీ జరగలేదు.

దీనితో కథ సుఖాంతమైనదని మేము చెప్పబోవడం లేదు. 2021 ఆగస్టులో ప్లిమత్ నగరంలో ఒక యువకుడు అయిదుగురిని కాల్చిచంపాడు. దాడి కేసులో అతని నుండి స్వాధీనం చేసుకున్న తుపాకీని, అనుమతి పత్రాన్ని పోలీసులు కొద్ది వారాల ముందే తిరిగి అప్పగించారు. 2023లో విచారణ జరిపిన జ్యూరీ పోలీసుల అనుమతుల విభాగంలో తీవ్ర వైఫల్యాలు ఉన్నాయని తేల్చింది. చట్టం చేయడం ఒక పర్యాయంతో ముగుస్తుంది. దానిని అమలుపరచే బల్ల దగ్గర కూర్చున్న మనిషి మాత్రం ప్రతిరోజూ మేలుకొని ఉండాలి.

పొరుగింటి శోకం

మన ఉపఖండం కూడా ఈ శోకాన్ని ఎరుగును. 2014 డిసెంబరు 16న పాకిస్తాన్‌లోని పెషావర్ నగరంలో ఆర్మీ పబ్లిక్ స్కూలుపై ఉగ్రవాదులు దాడి జరిపి 140 మందికి పైగా ప్రాణాలు బలిగొన్నారు. మృతుల్లో అత్యధికులు విద్యార్థులు. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ విజ్ఞప్తి మేరకు మరునాడు మన దేశంలోని పాఠశాలల్లో రెండు నిమిషాలు మౌనం పాటించారు. వైరాలెన్ని ఉన్నా, పొరుగింటి బిడ్డల కోసం మన బిడ్డలు తలవంచి నిలబడిన ఆ రెండు నిమిషాలు మన సంస్కారానికి నిదర్శనంగా నిలుస్తాయి.

అక్కడి ప్రభుత్వం వెంటనే మరణశిక్షల అమలుపై ఉన్న నిలుపుదలను తొలగించింది. 2015 జనవరిలో రాజ్యాంగాన్ని సవరించి సైనిక న్యాయస్థానాలను నెలకొల్పింది. అయితే బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న వేరు. రక్షణ కల్పించవలసినవారు ఆనాడు ఏమి చేస్తున్నారని వారు అడిగారు. ఆ ప్రశ్నకై ఒక న్యాయ విచారణ సంఘం ఏర్పడడానికి 2018 అక్టోబరు దాకా, దాని నివేదిక బహిరంగం కావడానికి 2020 సెప్టెంబరు దాకా వారు వేచి ఉండవలసివచ్చింది. ముందస్తు హెచ్చరిక ఉండికూడా భద్రతలో లోపాలు జరిగాయని ఆ నివేదిక పేర్కొన్నది. డన్‌బ్లేన్‌లో ఏడు నెలల్లో లభించిన సమాధానం పెషావర్‌లో దాదాపు ఆరేండ్లు పట్టింది. ప్రతీకారం కన్నా జవాబుదారీతనం ఎంత నిదానంగా నడుస్తుందో ఈ తేడా చెబుతున్నది.

మన గుమ్మం ముందు

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండడానికి లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణతో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. మన బడిపిల్లలకు ఎక్కువగా ఎదురయ్యే అపాయాలు వేరు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి అగ్నికి ఆహుతై 94 మంది పిల్లలు మరణించారు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వే గేటులో బడిబస్సును రైలు ఢీకొని చిన్నారులెందరో అసువులు బాశారు. అటువంటి గేట్ల ప్రమాదం అందరికీ ముందే తెలుసు. బ్రాడ్‌గేజి మార్గాల్లో వాటి తొలగింపు 2019 ఆరంభానికి గాని పూర్తికాలేదు.

ఇక మన పని స్థలాల మాట. దుర్మరణం సంభవించినప్పుడు గేటు వద్ద సమావేశమై మౌనం పాటిస్తాము. అది అవసరమే. దుఃఖాన్ని పంచుకోవడం బాధిత కుటుంబానికి ఎంతో ఊరట. మౌనం ముగిసిన తరువాత ప్రశ్న అడిగినవారిని మాత్రం కొన్నిచోట్ల సమయం సందర్భం తెలియనివారిగా చూస్తారు. ఈ ధోరణి సరికాదు. డన్‌బ్లేన్ తల్లిదండ్రులు, పెషావర్ తల్లిదండ్రులు ప్రశ్నించినది దుఃఖం తక్కువై కాదు. ప్రశ్నించడం వారి దుఃఖంలో ఒక భాగం.

కనుక సోదర ఉద్యోగులకు మా మనవి ఇది. తృటిలో తప్పిన ప్రమాదాన్ని గూర్చి ఒక హెల్పరు చీటీ వ్రాసి ఇచ్చినా, పిల్లల బస్సు బ్రేకులు సరిగా లేవని కాలనీలో ఒక తల్లి చెప్పినా, దానిని అందుకున్నవారు ఒక్కసారి 1991 నాటి ఆ కాగితాన్ని తలచుకోవాలి. చర్య అనవసరమని వ్రాయడానికి క్షణం చాలు. వ్రాయకముందు మరొకరిని సంప్రదించాలి, స్థలానికి వెళ్లి చూడాలి, కారణం నమోదు చేయాలి. చీటీ వ్రాసినవారు కూడా ఒకసారి వ్రాసి ఊరకుండక, దాని గతి ఏమైనదో కనుగొనాలి.

తల్లిదండ్రులకు మరొక్క మాట. ఇటువంటి వార్తలు వచ్చినప్పుడు టెలివిజన్‌లో అవే దృశ్యాలను పిల్లల ముందు పదేపదే చూడవద్దు. వారు అడిగితే అబద్ధం చెప్పక, వయస్సుకు తగినంత చెప్పండి. మనవలు విదేశాల్లో చదువుతున్న కుటుంబాలు మనలో అనేకం. అమెరికా బడుల్లో తలుపులు వేసుకొని నిశ్శబ్దంగా కూర్చునే అభ్యాసాన్ని గూర్చి ఆ పిల్లలు ఫోనులో చెబితే, తేలికగా తీసివేయక ఓపికగా వినండి. బిడ్డ భయాన్ని వినేవారు ఇంట్లో ఉన్నారన్న ధైర్యం ఆ బిడ్డకు కలగాలి.

మరణించిన చిన్నారులకు మనం చేయగలిగిన నివాళి తలవంచి నిలబడడంతో మొదలవుతుంది. ఆ తరువాత మన బల్ల మీదకు వచ్చే కాగితాన్ని శ్రద్ధగా చదవడంతో అది కొనసాగాలి.