కార్మికుల చావడి

వర్తకునకు వర్తకసంఘ మందిరము, ఉద్యోగికి క్లబ్బు, భక్తునకు భజనమందిరము, గ్రామస్థునకు రచ్చబండ కలవు. ఇవి యేలయని యెవ్వరును అడుగరు. కార్మికునకు మాత్రము కూర్చుండుటకొక చోటేలయని ప్రశ్నించు పెద్దలు మనలో ననేకులు గలరు. సంఘమునకు చావడి కట్టుట సమ్మెకు గూడు కట్టుటయేనని వారి వాదము. ఈ వాదమెంత పొల్లయో చూతము.

1918వ సంవత్సరమున మద్రాసు పెరంబూరులో బకింగుహాము, కర్నాటక మిల్లుల కార్మికులు వేంకటేశ గుణామృతవర్షిణీ సభయను ధార్మికసభలో గూడుచుండిరి. ఆ సభను నడపిన సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గారలు వారి కష్టములు విని బి. పి. వాడియా గారిని తోడ్కొని వచ్చిరి. ఏప్రిలు 27వ తేదీన మద్రాసు లేబరు యూనియను వెలసెను. కష్టములు చావడిలో పుట్టలేదు. అవి మిల్లులోనే పుట్టి పెరిగినవి. చావడి వానికి మాటనిచ్చెను, మాటకు మర్యాద నిచ్చెను. కూర్చుండ చోటులేని బాధ వీథిలో కేకయగును. చోటుగల బాధ తీర్మానమగును. శాంతిని గోరువారు దేనిని గోరవలెను?

కార్మికసంఘమనగా సమ్మెయే యని తలచువారు 1926 నాటి ట్రేడు యూనియనుల చట్టమునైన తిరుగవేయవలసినది. సంఘపు సొమ్మును సభ్యుల విద్యకును, రోగమునకును, వార్ధక్యమునకును, చనిపోయినవారి యంత్యక్రియలకును వెచ్చింపవచ్చునని ఆ చట్టము చెప్పెను. పరప్రభుత్వమునకు తెలిసినపాటి సంగతి మనకు తెలియకుండుట వింత. బ్రస్సెల్సు నగరమున 1899లో కార్మికులు విక్టరు ఓర్తా యను శిల్పిచేత ప్రజాగృహమును గట్టించుకొనిరి. అందు సభాశాలతోపాటు అంగళ్లును, ఫలహారశాలయు నుండెను. 1965లో దానిని కూల్చివేసిరి. నేటికిని శిల్పజ్ఞులు ఆ నష్టమునకు వగచుచున్నారు.

ఇక మన యింటిముంగిటికి వత్తము. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడినది. దానికిని కాటేదాను పారిశ్రామికవాడకును నడుమ జల్‌పల్లి యున్నది. ఈ ప్రాంతమున చిన్న కార్ఖానాలు, గోదాములు, కట్టడపు పనులు నమ్ముకొని బ్రతుకువారిలో బీహారు, ఒడిశాలనుండి వచ్చినవారును గలరు. ఒక గదిలో పలువురు వంతులవారీగా నిద్రించు బ్రతుకులో ఆలోచనకు తావెక్కడ? గుత్తేదారు కూలి యెగవేసినచో ఎవరితో చెప్పుకొనవలెను? భవిష్యనిధి కాగితమును చదివి చెప్పువారెవరు? యంత్రమున వ్రేలు తెగినవాని భార్య యే గుమ్మమెక్కవలెను? చావడి చేయవలసిన నిత్యకృత్యము లివి. సమ్మె యేడాదికొక్కటియైన రాకపోవచ్చును. ఈ పనులు ప్రతి సాయంకాలమును వచ్చును.

ఫంక్షను హాళ్లు రోడ్డు పొడవునను గలవు గదా యందురా? అవి యొక్క రాత్రి పెండ్లికి. వాని అద్దె కార్మికుని యందనిది. అన్నిటికంటె వింత యేమనగా, ఈ యాక్షేపణము గ్రంథాలయోద్యమ సంతతియగు మననోట వెడలుట. సభ జరుపుటకే యనుమతి వేడవలసిన నిజాము పాలనలో 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మనకేమి చేసినది? తెలుగువారు తలయెత్తి కూర్చుండుటకు చోటిచ్చినది; ఆ చోటునుండియే తక్కినవి వచ్చినవి. మనకు మేలైన మందు పొరుగువానికి విషమెట్లగును?

సంఘములవారికిని ఒక మాట చెప్పక తప్పదు. చావడి తాళపుచెవి కార్యదర్శి జేబులో నుండి, గోడలనిండ నాయకుల పటములుండి, ఎన్నికలనాడు మాత్రమే తలుపు తెరువబడునేని అది చావడి గాదు, పార్టీ కొట్టు. స్త్రీ నిస్సంకోచముగ గుమ్మము దాటలేని చోటు కార్మికగృహ మనిపించుకొనదు. హిందీ, ఒడియా మాటలాడువానికి జవాబు దొరకని చోటు సగము చావడియే.

మఖ్దూం మొహియుద్దీన్ గారు కవి, సిటీ కాలేజీ యుపాధ్యాయులు. కొలువు విడిచి కార్మికుల నడుమకు బోయి, 1946 నాటి అఖిల హైదరాబాదు ట్రేడు యూనియను కాంగ్రెసునకు నాయకులైరి. అంతటి త్యాగము మేము పాఠకుల నడుగుటలేదు. వారమునకు రెండు సాయంకాలములు పోయి కూలిచీటీలు చదివి చెప్పుడు. అర్జీలు వ్రాసి యిండు. బిడ్డలకు అక్షరములు నేర్పుడు. పారిశ్రామికవాడలకు స్థలము కేటాయించునపుడు కార్మికుల చావడికిని కొంత నేల విడువవలెనని ప్రభుత్వము నడుగుడు. విమానములు దిగుటకు వేల యెకరములు దొరకిన నేలపై, వానికి రన్‌వే పరచిన చేతులు విశ్రమించుటకు నాలుగు గుంటలు దొరకవనుట న్యాయమా?