నడిబాట తీర్పులు

కోనసీమలో సరకులు కాలువలవెంట పడవలపై సాగిన దినములు మన పెద్దలకు తెలియును. ఇప్పుడు అంబాజీపేట కొబ్బరియు, రావులపాలెము అరటిగెలలును లారీలమీదనే పోవుచున్నవి. రావులపాలెము మీదుగా 16వ నంబరు జాతీయ రహదారియు, అమలాపురము, రాజోలు మీదుగా 216వ నంబరు రహదారియు సాగుచున్నవి. తక్కినవానిలో పెక్కు కాలువగట్లను ఆనుకొనిన ఇరుకు బాటలు. ఇట్టిచోట ముందుబండి చటుక్కున ఆగినచో, వెనుకవచ్చు రెండుమూడు బండ్లు వరుసగా తగులుకొనుట వింతకాదు.

దైవకృప వలన పెక్కుమారులు ప్రాణహాని యుండదు. దీపములు పగులును, రేకు వంగును. కాని అసలు చిక్కు అప్పుడే మొదలగును. గుమికూడినవారందరును న్యాయాధిపతులగుదురు. పెద్దబండిదే తప్పని యొకరు, వెనుకబండిదే తప్పని యొకరు, పొరుగూరివానిదే తప్పని మరియొకరు తీర్పు చెప్పుదురు. గొంతు పెద్దదైనవాడు గెలుచును. కొబ్బరికాయల ట్రాక్టరు తోలుకొనివచ్చిన రైతు, తప్పెవరిదో తెలియకయే, కాయలమ్మిన సొమ్ము అక్కడనే చెల్లించి ఇంటికి పోవును. ఈ పద్ధతి మానవలెనని మా దృఢాభిప్రాయము.

తగులుకొనిన వెంటనే బండి నాపవలెను. తప్పించుకొని పోవుట చట్టవిరుద్ధము. పిమ్మట మనుష్యులను చూడవలెను. దెబ్బతగిలినవారుండిన 108కిని, పోలీసు సహాయమునకు 112కును ఫోను చేయవలెను. ప్రమాదదీపములు వెలిగించి, జనులను బాటమీదనుండి తప్పించి, గట్టు అంచునకు దూరముగా నిలుపవలెను. సాయము చేసిన కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చునని దారినపోవువారు జంకనక్కరలేదు. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134ఏ సెక్షను, ప్రతిఫలము కోరక సద్బుద్ధితో తోడ్పడినవారికి రక్షణ నిచ్చుచున్నది.

తరువాత సాక్ష్యము. ఎవరికిని గాయములు లేనియెడల, బండ్లు కదలింపకమునుపే సెల్‌ఫోనుతో ఫోటోలు తీయవలెను. మొదట దూరమునుండి బాటయు బండ్ల వరుసయు కనబడునట్లును, పిదప దగ్గరనుండి నంబర్లును దెబ్బలును కనబడునట్లును తీయుట మేలు. అటుపై బండ్లను ప్రక్కకు తీసి దారి విడువవలెను.

మధ్యబండివాని స్థితి మిక్కిలి చిక్కైనది. అతని బండికి ముందును వెనుకను దెబ్బలుండును. వెనుకబండి తగినంత ఎడము పాటింపవలెనన్న నిబంధన కలదు, నిజమే. అయినను మధ్యబండి తానుగా ముందుదానిని తాకెనా, వెనుకనుండి త్రోయబడి తాకెనా యని విచారింపక తీర్పు చెప్పుట ఎట్లు? ముందుబండిలోని వారిని, తమకు తగిలిన తాకు ఒకటియా, రెండా యని అడుగవలెను. ఒక్కటే యైనచో మధ్యబండి త్రోయబడియుండుటకు అవకాశమెక్కువ. ఈ మాటను వెంటనే వ్రాసికొనవలెను. మరునాటికి మాట మారును. అందరి పేర్లు, లైసెన్సు నంబర్లు, బీమా వివరములు, ఇద్దరు సాక్షుల పేర్లు కూడ వ్రాసికొనవలెను.

1988వ సంవత్సరపు చట్టములోని 134వ సెక్షను ప్రకారము, మనుష్యులకు గాయము గాని ఇతరుల ఆస్తికి నష్టము గాని కలిగినయెడల, అక్కడ పోలీసువారు లేనిచో, డ్రైవరు సాధ్యమైనంత త్వరగా, ఎట్లయినను 24 గంటలలోపల, సమీప పోలీసు స్టేషనులో తెలుపవలెను. బీమా కంపెనీకిని వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

రాజీ తప్పని మేమనము. కాని కంపెనీ అనుమతి లేక తప్పు ఒప్పుకొనరాదనియు, సొమ్ము చెల్లింతునని మాట యీయరాదనియు మోటారు బీమా పాలసీలలో సాధారణముగా షరతుండును. నడిబాటలో ఉదారముగా చెల్లించినవాడు తరువాత కంపెనీనుండి పైసయు రాబట్టుకొనలేకపోవచ్చును. నష్టము స్వల్పమై, బీమా సొమ్ము కోరదలచనప్పుడు రాజీపడినను, ఎవరెవరికెంత యిచ్చినదియు, ఇక తగవు లేదనియు కాగితముమీద వ్రాసి, అందరును సంతకములు చేయవలెను. ఒకరితో రాజీపడినచో రెండవవానితో తగవు తీరినట్లు కాదు. మూడు బండ్లున్నచోట ముగ్గురి సంతకములు కావలెను.

మనవారి లోపములను కూడ చెప్పక తప్పదు. బాటపై ధాన్యము ఆరబోసి, రాళ్లడ్డము పెట్టుట మనమే చేయుచున్నాము. ఆ రాశిని తప్పింపబోయి ముందుబండి ఆగినచో, వెనుకవారి నష్టములో మనకు పాలులేదనగలమా? రాత్రివేళ వెనుక దీపము లేని ట్రాక్టరు తొట్టియు నట్టిదే. బీమా లేక బండి బాటపైకి తెచ్చుట నేరము. 2019 సవరణ ననుసరించి మొదటిమారు 2,000 రూపాయల జరిమానాయో, మూడు నెలల వరకు శిక్షయో, రెండునో కలుగవచ్చును. అంతకంటె పెద్ద దండనమేమనగా, ఎదుటివాని నష్టము మన పొలముపై పడుట.

కావున ప్రతి సహకార సంఘమును పైవివరములన్నియు పూరించుటకు వీలగు కాగితము నొకదానిని అచ్చువేసి, సభ్యుల కీయవలెనని మా సూచన. దానిని పాలసీ నకలుతో కలిపి బండిలోనే యుంచవలెను. వ్రాయలేనివారికి సంఘపు కార్యదర్శి వ్రాసి పెట్టవలెను. ఎరువు బస్తాలకు లెక్క వ్రాయుటకు వెనుదీయని మనము, కష్టార్జితమును కాపాడు నాలుగు పంక్తులు వ్రాయుటకు బద్ధకింపరాదు.