ఒక్క అక్షరానికి ఫోన్ మొత్తం ఖాళీ: కమాండ్ లైన్ టూల్స్‌కీ ఒక అలిపిరి కావాలి

పిక్సెల్ ఫోన్లకి గూగుల్ ఇచ్చే ఫ్యాక్టరీ ఇమేజ్ డౌన్‌లోడ్ చేసి, అందులోని ‘ఫ్లాష్-ఆల్’ స్క్రిప్ట్‌ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేయండి. చివర్లో ‘ఫాస్ట్‌బూట్ -డబ్ల్యూ అప్‌డేట్’ అని ఒక లైన్ ఉంటుంది. ఆ -డబ్ల్యూ అంటే వైప్. ఫొటోలు, చాట్లు, యాప్ డేటా అన్నీ పోతాయి. బూట్‌లోడర్ ముందే అన్‌లాక్ అయి ఉన్న ఫోన్‌లో అయితే, ఆ అక్షరం తీసేసి రన్ చేస్తే డేటా అలాగే ఉంటుంది. తేడా అంతే. “నిజంగానే తుడిచేయమంటావా?” అని ఫాస్ట్‌బూట్ ఒక్క మాట కూడా అడగదు.

ఇలా డేటా పోయిందని ఎవరైనా మొత్తుకుంటే మనవాళ్ల రిప్లై ఒకటే: “ముందు చదువుకోవాలి కదా బ్రో.” నాకు ఆ మాట నచ్చదు. తిరిగిరాని పనికి ఒక్క అక్షరం చాలు అని డిసైడ్ చేసింది యూజర్ కాదు, టూల్ రాసినవాళ్లు.

చెకింగ్ కొండ కిందే జరగాలి

తిరుమలకి పోయే బస్సులూ కార్లూ అలిపిరిలో ఆగాల్సిందే. బ్యాగులు స్కాన్ చేస్తారు. మందు, సిగరెట్లు, మాంసం లాంటివి ఉంటే అక్కడే ఆపేస్తారు. మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం దాకా ఎక్కనిచ్చి, అక్కడ “ఇది తీసుకురాకూడదు, వెనక్కి పో” అంటే ఎలా ఉంటుంది? చాలా టూల్స్ చేసేది అదే. పని సగం అయ్యాక, మూడో ఆప్షన్ తప్పు అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. అప్పటికి సగం ఫైళ్లు మారిపోయి ఉంటాయి.

విచిత్రం ఏంటంటే, ఇది ఎలా చేయాలో ఫాస్ట్‌బూట్‌కి తెలుసు. ‘అప్‌డేట్’ కమాండ్ ఇస్తే, ఆ ఇమేజ్ ఈ ఫోన్ మోడల్‌దేనా, బూట్‌లోడర్ వెర్షన్ సరిపోతుందా అని ముందే చూస్తుంది. సరిపోకపోతే ఏదీ రాయకుండా ఆగిపోతుంది. ఫోన్ విషయంలో ఉన్న జాగ్రత్త మన డేటా విషయంలో ఎందుకు లేదు?

ప్రమాదమైన పనికి పొడుగు పేరు

ఏడీబీలో -డి చూడండి. ‘ఏడీబీ’ పక్కనే పెడితే యూఎస్‌బీలో ఉన్న ఫోన్ అని అర్థం. ‘ఇన్‌స్టాల్’ తర్వాత పెడితే పాత వెర్షన్‌కి డౌన్‌గ్రేడ్ అని అర్థం. ఫాస్ట్‌బూట్‌లో చిన్న ఎస్ అంటే ఫోన్ సీరియల్ నంబర్, పెద్ద ఎస్ అంటే సైజ్ లిమిట్. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం స్కిల్ కాదు, భారం.

దీనికి మంచి ఉదాహరణ కూడా ఉంది. లైనక్స్‌లో ఫైళ్లు డిలీట్ చేసే ‘ఆర్ఎం’ కమాండ్‌కి రూట్ ఫోల్డర్ మొత్తం తుడిచేయమని చెబితే, జీఎన్‌యూ వెర్షన్ 2006 నుంచి ఒప్పుకోవట్లేదు. నిజంగా కావాలంటే ‘--నో-ప్రిజర్వ్-రూట్’ అని పూర్తిగా టైప్ చేయాలి. అంత పొడుగు పేరు పొరపాటున ఎవరూ కొట్టరు.

డీఫాల్ట్ సంగతీ అంతే. షావోమీ ‘మి ఫ్లాష్’ టూల్ కొత్త వెర్షన్లలో ‘క్లీన్ ఆల్ అండ్ లాక్’ ముందే సెలెక్ట్ అయి ఉంటుంది. గ్లోబల్ రోమ్ వేసుకున్న చైనా మోడల్‌ని అలా లాక్ చేస్తే ఫోన్ బూట్ అవ్వక ఇరుక్కుపోతుంది. ఏమీ మార్చకుండా ఓకే కొట్టేవాడికి జరగాల్సింది అన్నిటికంటే సేఫ్ అయిన పని.

మరి స్క్రిప్టుల సంగతి?

“ప్రతిదానికీ యెస్, నో అడిగితే ఆటోమేషన్ ఎలా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పైగా ప్రతిసారీ అడిగితే మనమే చదవకుండా వై కొట్టేస్తాం. అందుకే తిరిగిరాని పనికి మాత్రమే అడగాలి. టెర్మినల్‌లో మనిషి ఉంటే ప్రశ్న వేయాలి. స్క్రిప్ట్ అయితే ‘--యెస్’ లాంటి ఆప్షన్ స్పష్టంగా ఇస్తేనే కదలాలి.

యూజర్ ఇచ్చిన విలువని ఆప్షన్ అనుకోకపోవడం కూడా అంతే ముఖ్యం. 2017 ఆగస్టులో గిట్‌లో బయటపడిన లోపం ఇదే. లింకులో సర్వర్ పేరు హైఫన్‌తో మొదలైతే, ఎస్ఎస్‌హెచ్ దాన్ని ఆప్షన్ అనుకునేది. దాంతో ఒక లింక్ క్లోన్ చేస్తే చాలు, మన కంప్యూటర్‌లో వేరేవాడి కమాండ్ నడిచే అవకాశం ఉండేది.

మీలో చాలామంది పైథాన్‌లో చిన్న చిన్న టూల్స్ రాస్తూనే ఉంటారు. ‘ఆర్గ్‌పార్స్’ వాడితే ‘అలౌ_అబ్రెవ్’ని ఫాల్స్ చేయండి. లేకపోతే సగం టైప్ చేసిన ఆప్షన్ పేరుని కూడా అది పూర్తి పేరుగా తీసేసుకుంటుంది. ఆప్షన్లు అన్నీ ముందే చెక్ చేయండి, తెలియనిది వస్తే ఊహించకుండా ఆపేయండి, ‘--డ్రై-రన్’ ఒకటి పెట్టండి. అంతా కలిపి పది, పదిహేను లైన్ల కోడ్. ఎవరిదో ఐదేళ్ల ఫొటోల కంటే అది ఎక్కువ పనేం కాదు.