ముక్కు పైపు ఎప్పుడు తీస్తారు?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రి నుంచి మా ధవళేశ్వరం తీసుకొస్తే, డిశ్చార్జి కాగితంలో ఒక ముక్క నాకు తరచూ కనిపిస్తుంది: రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి పొట్టలోకి వేసే పైపు) రెండు గంటలకోసారి 200 మిల్లీలీటర్ల ద్రవాహారం. ఎన్నాళ్లు? అది మాత్రం రాయరు. నర్సుగా రిటైరయ్యాక నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. "సిస్టరుగారూ, నాన్నగారు పైపు పీకేసుకున్నారండి, ఓసారి వస్తారా?"

వెళ్తాను. వెళ్లగానే అడిగేది, మింగగలుగుతున్నారో లేదో ఎవరైనా చూశారా అని. చూడరు. పక్షవాతంతో మింగలేకపోయినవాళ్లలో చాలామందికి కొన్ని వారాల్లోనే ఆ శక్తి తిరిగొస్తుంది. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక నెలల తరబడి ముక్కులోంచి రాగిజావే. మొన్నటి వరదల్లో, ఎర్రనీరు దిగి బ్యారేజీ దగ్గర పులస పడిందన్న మాట చెవిన పడి, ఒక పెద్దాయన చేత్తో నోరు చూపించారు. పట్టుబట్టి డాక్టరు దగ్గరికి పంపించాను. కూర్చోబెట్టి చిక్కటి జావ చెంచాతో ఇచ్చి చూశారు. మింగారు. వారం తిరక్కుండా పైపు తీసేశారు. (ముళ్ల భయంతో పులస మాత్రం వద్దన్నాను. ఆయన నాతో ఇంకా సరిగ్గా మాట్లాడరు.)

అందరికీ ఇలా కుదరదు. నాలుగు వారాలు దాటినా మింగలేకపోతే, ఇంకా చాలాకాలం పైపు తప్పదనిపిస్తే, పొట్టకే పెట్టే పెగ్ ట్యూబ్ గురించి అడగాలి. "పొట్టకు కన్నమా!" అని హడలిపోతారు. పొట్ట కోయకుండా ఎండోస్కోపుతో దీన్ని పెట్టే పద్ధతి 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పిల్లల కోసం మొదలైంది. ముక్కు ఒరుసుకుపోదు, మాటిమాటికీ ఊడిరాదు. అయితే మతిమరుపు జబ్బు బాగా ముదిరిన వృద్ధులకు ఏ గొట్టమూ ఆయుష్షు పెంచదని, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని అమెరికా వృద్ధుల వైద్యుల సంఘమే చెబుతోంది. మనవాళ్లు ఆ మాట చెప్పడానికి జంకుతారు, తిండి మాన్పించారని నింద పడుతుందేమోనని.

నేనడిగేది పెద్ద ఖర్చు లేని పని. మింగడం మళ్లీ ఏ తేదీన, ఎవరు చూస్తారో డిశ్చార్జి కాగితంలో రాయాలి. పంపేముందు ఇంట్లో చూసుకునే మనిషి చేత నర్సు ఎదుటే ఒకసారి పోయించాలి: తలవైపు ఎత్తడం, ముక్కు దగ్గర పైపు గుర్తు జరిగిందేమో చూడటం, దగ్గొస్తే ఆపేయడం, పోశాక నీళ్లతో కడగడం. బిల్లు కట్టేలోపు ఎలాగూ అరడజను సంతకాలు పెట్టిస్తారు. ఇది నేర్పినట్టు కూడా ఒక సంతకం తీసుకోండి.