ఆ సీసా ల్యాబ్ దాకా రానివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

దవాఖాన ల్యాబ్‌లో మూత్రం సీసాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన దాన్ని. పెళ్లిళ్లలో ఎవరైనా “ఏం పని చేసేవారమ్మా?” అని అడిగితే సగం చెప్పి ఊరుకునేదాన్ని. బంతిలో కూర్చుని చెప్పే సంగతా అది? ఇవాళ మాత్రం పూర్తిగా చెబుతాను.

మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే మన ఆడవాళ్లు దాన్ని జబ్బు అనరు, “వేడి చేసింది” అంటారు. ఒంటికి పోతే మంట. వచ్చి కూర్చోగానే మళ్లీ పోవాలనిపిస్తుంది. బార్లీ నీళ్లు, సబ్జా, మజ్జిగతో రెండు రోజులు చూస్తారు. తగ్గకపోతే మొగుణ్ణి మెడికల్ షాపుకు పంపుతారు. అతను గొంతు తగ్గించి చెబుతాడు, షాపతను నాలుగు గోలీలు కత్తిరించి ఇస్తాడు. ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ తిప్పలు తప్పవు. మగవాళ్లలో మూత్రనాళం ఇరవై సెంటీమీటర్ల దాకా ఉంటే ఆడవాళ్లలో నాలుగే. బయటి బాక్టీరియాకు మూత్రాశయం దాకా అంత దగ్గరి దారి.

మూత్రంలోని బాక్టీరియాను పెంచి ఏదో తేల్చే కల్చర్ పరీక్ష చేయించకుండానే డాక్టర్లు మందు రాస్తారని నేను తప్పు పట్టను. మామూలు కేసుల్లో నూటికి 75కు పైగా ఈ.కోలి పనే. 1885లో థియోడర్ ఎషరిక్ గుర్తించిన ఈ బాక్టీరియా పేగుల్లో ఉన్నంతకాలం మన ఇంటి మనిషే. మూత్రాశయంలోకి చేరిందా, సన్నటి నూగులాంటి పోగులతో గోడను పట్టుకుని వేలాడుతుంది, ధారకు కొట్టుకుపోదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి మొదటిసారి మంట వస్తే ఈ.కోలి అనుకుని మందు రాయడం సబబే.

చిక్కు మిగతా పాతిక దగ్గర వస్తుంది. క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటరోకాకస్, వయసు పిల్లల్లో కనబడే స్టాఫిలోకాకస్ సాప్రోఫిటికస్... ఒక్కోదానిది ఒక్కో తత్వం. ఈ.కోలి మీద బాగా పనిచేసే నైట్రోఫ్యురంటోయిన్‌కు ప్రోటియస్ లొంగదు. షాపుల్లో తేలిగ్గా చేతికొచ్చే సెఫిగ్జిమ్ ఎంటరోకాకస్‌ను ఏమీ చేయలేదు. ప్రోటియస్ మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి రాళ్లు కట్టిస్తుంది. అది మళ్లీ మళ్లీ కనబడితే కిడ్నీ స్కాన్ చేయించాలి. స్ట్రిప్పు ముంచి నైట్రైట్ చూస్తే సరిపోదా అంటారేమో. ఎంటరోకాకస్, సాప్రోఫిటికస్ నైట్రైట్‌ను తయారు చేయవు. స్ట్రిప్పు మీది నైట్రైట్ గడి రంగు మారలేదని మనిషిని ఇంటికి పంపితే ఆమె మంట ఆమెకు మిగిలే ఉంటుంది.

కల్చర్ అంటే మహాయంత్రాలేమీ అక్కర్లేదు. మిల్లీలీటరులో వెయ్యో వంతు పట్టే తీగ చుట్టతో మూత్రాన్ని ప్లేటు మీద గీసి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. పొద్దున మూత తీస్తే మెకాంకీ ప్లేటు మీద ఈ.కోలి గులాబీ రంగు చుక్కలుగా కనబడుతుంది. క్లెబ్సియెల్లాదీ గులాబీ రంగే, కానీ తీగతో తాకితే బెండకాయ జిగురులా సాగుతుంది. ప్రోటియస్ రక్తం కలిపిన ప్లేటు మీద అలలు అలలుగా పాకుతుంది, చేపల బజారు వాసన కొడుతుంది. అనుభవమున్న టెక్నీషియన్‌కు అక్కడే సగం తెలిసిపోతుంది. పరీక్షలతో పేరు ఖాయం చేసుకుని, మందు బిళ్లలు పెట్టి మర్నాడు చూస్తే ఏది లొంగుతుందో తేలుతుంది. మొత్తం రెండు, మూడు రోజుల పని.

ఇంత నేర్చిన నేనే ఒకామెకు ఏమీ చేయలేకపోయాను. పెళ్లయి ఏడాది నిండని పిల్ల, మూడోసారి మంటతో అత్తను తోడు తెచ్చుకుని బస్సులో వచ్చింది. “మొదటి ధార వదిలెయ్ బిడ్డా, మధ్య ధార పట్టు” అని చెప్పి సీసా ఇచ్చాను. నేను పనిచేసిన ఆ దవాఖాన బాత్రూమ్ తలుపుకు గొళ్లెం లేదు, నల్లాలో నీళ్లు లేవు. అత్త బయట తలుపు పట్టుకుని నిలబడింది. లోపల ఆ పిల్ల ఏ ధార పట్టిందో, ఎంత కంగారుగా పట్టిందో! మర్నాడు ప్లేటు మీద మూడు రకాలు కలగాపులగంగా మొలిచాయి. “శాంపిల్ కలుషితం, మళ్లీ పంపండి” అని రాశాను. ఆ రిపోర్టులో తప్పు లేదు. ఆమె మళ్లీ రాలేదు.

అందుకని నా విన్నపాలు ఇవి.

బస్తీ దవాఖానాల, పీహెచ్‌సీల శాంపిళ్లను పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018 నుంచి నడుస్తోంది. గర్భిణులకు, చలిజ్వరం వచ్చినవారికి, మందు వాడినా తగ్గనివారికి, తరచూ తిరగబెట్టేవారికి ఏ పీహెచ్‌సీ నుంచైనా యూరిన్ కల్చర్ వెళ్లేలా చూడండి. మూత్రం బయట రెండు గంటలు దాటి ఉంటే అందులో బాక్టీరియా పెరిగి లెక్క తప్పుతుంది. ఐసు పెట్టెలో గానీ, బోరిక్ యాసిడ్ సీసాలో గానీ పంపాలి.

ప్రతి నెలా 9న గర్భిణులకు జరిగే పరీక్షల్లో ఆల్బుమిన్, షుగర్ కోసం మూత్రం చూస్తారు. ఏ మంటా లేకుండా కూడా అందులో బాక్టీరియా ఉండొచ్చు. వదిలేస్తే కిడ్నీకి పాకవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. తొలి నెలల్లో ఒక్కసారి కల్చర్ చేయిస్తే తెలిసిపోతుంది.

మూడోది, ఏటా జిల్లాకో యాంటీబయోగ్రామ్. ఏ బాక్టీరియా ఎంత కనబడింది, ఏ మందుకు ఎంత లొంగింది అని చెప్పే ఒక్క కాగితం. ఐసీఎంఆర్ 2013 నుంచి ఇలాంటి లెక్కలు సేకరిస్తోంది కానీ అవి ఎక్కువగా పెద్దాసుపత్రులవి. అప్పటికే పది రకాల మందులు మింగి చేరిన రోగుల లెక్క చూసి, ఊళ్లో మొదటిసారి మంట వచ్చిన ఆమెకు మందు రాయలేం. కేరళ రాష్ట్రస్థాయిలో యాంటీబయోగ్రామ్ తెచ్చింది. మనం జిల్లా దాకా తెచ్చి ఓపీ గోడకు అంటిద్దాం. డాక్టర్ ఎలాగూ ఊహించక తప్పదు, ఆ ఊహకు మన ఊరి లెక్కే ఆధారం కావాలి.

వీటికి ఫైళ్లు, టెండర్లు, సంతకాలు కావాలని నాకు తెలుసు. అవి కదిలేలోగా రాష్ట్రంలోని ప్రతి దవాఖానలో ఆడవాళ్ల బాత్రూమ్ తలుపులు ఒకసారి చూడమనండి. గొళ్లెం బిగించడానికి వడ్రంగి చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్